రిజిస్టరులో ఒక గడి

అంతర్వేది పల్లిపాలెం జెట్టీ మీద
లెక్క రాయడం నా ఉద్యోగం.
కానాగంతలు ఎన్ని బుట్టలు, వంజరం ఎన్ని కిలోలు,
పెద్ద చేపైతే పొడుగెంత, ఆడా మగా,
కడుపులో ఏముంది.
తడి కాగితం మీద బాల్‌పెన్ను మొరాయిస్తుంది,
పెన్సిలే నమ్మకం.

పెమ్మాడి ధనకొండ బోటు
విశాఖ అవతలి రాళ్లగుట్టల దాకా పోయి
నాలుగోనాటి తెల్లారుజామున తిరిగొచ్చింది.
ఐసులో అన్నిటికన్నా అడుగున
ఒకే ఒక్క చేప.
నెమలికంఠం రంగు, చెంపల మీద గులాబీ చారలు,
ఎవరో పట్టుచీర ముక్క మరిచిపోయి
పైన ఐసు కొట్టినట్టు.

పాటదారు ముట్టుకోలేదు.
"రంగుది కూరకి పనికిరాదండీ."

ధనకొండ బొటనవేలితో దాని పెదవి ఎత్తింది.
పళ్లన్నీ అతుక్కుపోయి ఒకటే ముక్కు.
జామకాయ కొరికే చిలకది,
ఉప్పునీళ్లలో.

చదువుకున్నదంతా నోటికొచ్చేసింది నాకు.
ఇది పగడపురాయిని కొరుకుతుంది, చెప్పాను,
రాయి మీద ఆశ కాదు, రాతికంటిన నాచు మీద.
గొంతులో మళ్లీ పళ్లు, తిరగలి రాళ్లలాగా.
పొట్టంటూ లేదు దీనికి.
రుబ్బుతుంది, వదిలేస్తుంది.
ఎక్కడో దీవుల్లో జనం చెప్పులిప్పి నడిచే తెల్లటి ఇసుక
సగం ఇది వదిలిందే.

ఆమె పకపకా నవ్వి, కత్తిపీట లాక్కుని, చీరింది.
పేగులోంచి తడిసున్నం లాంటి ముద్ద.
ముగ్గుపిండి చూసినట్టు
రెండు వేళ్ల మధ్య నలిపింది.
"నిజమే. ఇసికే."

వెనక రోడ్డు మీద ఇసుక లారీ
నీళ్లు కార్చుకుంటూ పోయింది.
మనకి కొండలు అరిగితే ఇసుక.
పాపికొండల దగ్గర ఇరుగ్గా మింగి,
ధవళేశ్వరం గేట్ల మధ్య దగ్గి,
ఇదిగో ఈ అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర కక్కుతుంది.
ఆ లెక్కన గోదారికీ పొట్ట లేదు.

ఆడా మగా గడి మిగిలిపోయింది.
ఈ మెరుపు మగదానిదే, అన్నాను,
కాని చాలామటుకు ఇది ఆడదిగానే మొదలౌతుంది.
మట్టిరంగులో, గుంపులో ఒకతిగా.
గుంపుకొక్క మగది. అది పోతే
మిగిలినవాటిలో పెద్దది
కొన్ని వారాల్లో రంగు తిరుగుతుంది.
లోపల గుడ్లసంచి కరిగి ఇంకోటవుతుంది.
ఆ పైన ఆ రాళ్లకి కాపలా దానిదే.

ధనకొండ కత్తి కడుగుతోంది.
లోవరాజు మొగ దగ్గర గల్లంతై రెండో వానాకాలం.
"నన్నూ అన్నారండి, మగాడైపోయిందిరా అని.
నేనేం మారలేదు. చుక్కాని పట్టుకున్నాను, అంతే.
ఆడా మగా అని సముద్రం అడగదు,
డీజిలుందా అని అడుగుద్ది.
దీనికి రంగన్నా వచ్చింది.
నాకు సబ్సిడీ కార్డే రాలేదు,
ఇంకా ఆయన పేరు మీదే ఉంది."

ఏమనాలో తోచక
దీని నిద్ర సంగతి ఎత్తాను.
చీకటి పడగానే నోట్లోంచి జిగురు తీసి
ఒంటి చుట్టూ పలచగా సంచి అల్లుకుంటుంది,
నెత్తురు తాగే పురుగులు దూరకుండా.
తెల్లారాక చించుకుని బయటికొస్తుంది.

"దోమతెర," అంది, నా మాట పూర్తికాకుండానే.

మాటల్లోనే చేప బూడిదరంగుకి దిగిపోయింది.
కడుపు గడిలో 'ఇసుక' అని రాశాను.
పక్కగడిలో ఒకటి రాసి, చెరిపి,
ఇంకోటి రాసి, అదీ చెరిపాను.
కాగితం అరిగి
వెనకపేజీలోని నిన్నటి కానాగంతలు
మసకగా కనబడ్డాయి.

రాత్రి ఆఖరి బస్సుకి వెళ్తూ చూశాను.
మడపాయలో లంగరేసిన బోటు మీద
నాలుగు వెదుళ్లకి కట్టిన దోమతెర,
లోపల సెల్‌ఫోను వెలుగు,
దరఖాస్తు కాగితాలేవో తిరగేస్తున్న చెయ్యి.
బయట దోమల మోత.