ఒక రాయి తక్కువ

వేలం నాకు కొత్తేం కాదు.
టంగుటూరు ఫ్లోరు మీద బేళ్ల వరసల మధ్య
ముప్పై ఏళ్లు నిలబడ్డవాణ్ణి.
కొనేవాడు ఆకు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని
కళ్లు మూసి తెరిచే లోపు
ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టడం తెలుసు.

అయినా ఇవాళ కందుకూరులో
కళ్యాణ మండపం మెట్లెక్కుతుంటే మోకాళ్లు వణికినయ్యి.
గుమ్మానికి గులాబీ కాగితం అంటించారు:
రంగస్థల నటులు కీ.శే. మక్కెన కోదండం గారి వస్తువులు,
అప్పుల నిమిత్తం.
అప్పుల నిమిత్తం అన్నది కొంచెం చిన్న అక్షరాల్లో.

భోజనాల బల్లల మీద తెల్లగుడ్డలేసి
ఆయన్ని పరిచారు.
జరీ ఊడిన అంగరఖా, చంకల్లో ఉప్పుచారలు.
రెండు గదలు, ఒకదానికి చెదలు.
మిరియాల కషాయం తాగే ఫ్లాస్కు.
ఏ ఊళ్లవాళ్లో కప్పిన శాలువాలు, మడత కూడా విప్పనివి.
చివర్న, ఎర్ర దిండు మీద, కిరీటం.

ముట్టుకోవద్దన్నాడు కుర్రాడు.
ముట్టుకోలేదు నాయనా,
ఎడమ చెవి పైన, అట్టనెమలి కింద
ఆ గుంట ఉందో లేదో చూశానంతే.
ఉంది.

అప్పుడు నాకు పందొమ్మిది.
బ్యారన్ కాడ నిప్పు చూడమని నాయన నిద్రపోయాడు.
కొండపిలో కోదండం నాటకం,
మైకు గాలికి ఊగుతా ఊగుతా వస్తంది.
మొదటి పద్యం దాకా ఓర్చుకున్నా.
రెండోదానికి, నాలుగు మొద్దులు ఎక్కువే కూరి
సైకిలెక్కా.

ఆయన రాగం ఎత్తుకుంటే
చుట్టలు వేళ్ల మధ్యనే ఆరిపోయేవి.
వన్స్‌మోర్ అన్నాం. పాడాడు.
మళ్లీ అన్నాం. పాడాడు.
మూడోసారికి తల విదిలించి నవ్వాడు, రాజు వేషంలోనే.
ఆ విదిలింపుకి ఊడి
చాప మీద నా మోకాలి పక్కన పడింది
ఎర్ర గాజురాయి, చింతగింజంత.

తెల్లారేసరికి బ్యారన్‌లో ఆకు మసి రంగుకొచ్చింది.
నాయన చేతికందిన కర్ర తీసుకున్నాడు.
ఆ ఏడు మా బేళ్ల మీద ఒకటే మాట, నో బిడ్.
దెబ్బలు పడుతున్నంతసేపూ
నేను ఆ పిడికిలి విప్పలేదు.

'కిరీటం! అయిదువేల నించి!'
ముందు వరసలో చీమకుర్తి గ్రానైటు ఆయన,
కొత్త హోటల్లో అద్దాల పెట్టెలో పెడతాడంట.
ఒంగోలు నించొచ్చిన పాతసామాన్ల వ్యాపారి
అటూ ఇటూ తిప్పి పెదవి విరిచాడు,
'ఒక రాయి తక్కువుందిగదయ్యా.'
లోపమున్న సరుకని రెండువేలు తగ్గించారు.

ఆ రెండువేల లోపం
నా చొక్కాజేబులో ఉంది,
అగ్గిపెట్టెలో, దూది మీద.

చెయ్యెత్తా. పాలడబ్బులు పదివేలుండయ్యి.
ఏడు. ఎనిమిదిన్నర. పది.
పదకొండు అని ఎవరో అనేసరికి
చెయ్యి దానంతటదే దిగింది.
పద్దెనిమిదికి గ్రానైటు ఆయనకి కొట్టేశారు.
కిరీటాన్ని చంకన పెట్టుకున్నాడు, పుచ్చకాయలాగా.

ఇచ్చెయ్యాల్సిందే అనుకున్నా.
దాని చోట అది కూర్చోవాలిగదా.
జనాన్ని తోసుకుంటా ఆయన దాకా పోయి
అగ్గిపెట్టె తీసి చాపా.
'వద్దు పెద్దాయనా, సిగరెట్లు మానేశా' అన్నాడు
చేతికేసి చూడకుండానే.
మంచిదేలే అన్నా.
మళ్లీ జేబులో పెట్టుకున్నా. దొంగతనం చేసినట్టే ఉంది.
దేవుడి సాక్షిగా, సంతోషంగానూ ఉంది.

జనం పల్చబడ్డాక ఫ్లాస్కు దగ్గర కుర్రాడు అరుస్తన్నాడు,
వంద, యాభై, పోనీ ఎంతోకొంత.
లోపలి గాజు పగిలిపోయిందంట.
ఆ మాట, మా బేళ్ల మీద పడ్డ మాట,
ఈయన మీద పడనిస్తానా.
ముప్పై రూపాయలు.

బస్సులో ఒళ్లో పెట్టుకుని
మూత దగ్గర చెవి పెట్టి ఊపా.
గాజుపెంకులు గలగలమన్నయ్యి, సన్నగా, లోతుగా.
వన్స్‌మోర్ అన్నా.
పక్కసీటు ఆయన కిటికీ వైపుకి జరిగాడు.