అంచున రాసిన అక్షరం

జెర్బా దీవిలో, పెద్ద హారా వీధిలో
సున్నం కొట్టిన ఇంట్లో నేల మీద
ఖల్ఫోన్ కూర్చున్నాడు.
గుండె దగ్గర చొక్కా జానెడు చినిగింది,
చినగలేదు, చింపుకున్నాడు.
అద్దం మీద దుప్పటి కప్పారు.
గిన్నెలో ఉడికిన గుడ్డు, మసూరు పప్పు.
చీలిక లేని గింజ, నోరు లేని గింజ అని
దుఃఖంలో ఉన్నవాడికి అక్కడ అదే పెడతారు.

కమూనాకి తొమ్మిదేళ్ళు. జ్వరం మూడు రాత్రులు.
నాన్న రెల్లు కలాలు చెక్కుతుంటే
రాలిన పెచ్చులు ఏరి అగ్గిపెట్టెలో దాచుకునేది.
అగ్గిపెట్టె ఇంకా కిటికీలోనే ఉంది.

ఏడు రోజులు
సంతోషపెట్టే పుస్తకమేదీ తెరవకూడదు.
ధర్మశాస్త్రం మనసుకి తీపి కనుక అదీ కూడదు.
ఒక్కదానికే అనుమతి:
బూడిదలో కూర్చుని పెంకుతో ఒళ్ళు గోక్కుంటూ
ఒక మనిషి దేవుడి మీద వేసిన వ్యాజ్యం.
ఇరవై ఏళ్ళుగా దాన్ని కాపీ రాసిన చెయ్యి ఖల్ఫోన్‌ది.
ఏ పుటలో సిరా ఎక్కడ చిక్కబడుతుందో వేళ్ళకి తెలుసు.
ఇవాళే మొదటిసారి చదువుతున్నాడు.

వచ్చినవాళ్ళు ముందు ఏమీ అనలేదు.
దుఃఖితుడు నోరు విప్పేదాకా అతిథి విప్పరాదు.
రెండు రోజులు
ఆ ఆచారమే వాళ్ళని మంచివాళ్ళుగా ఉంచింది.
మూడో రోజు ఖల్ఫోన్ "నీళ్ళు" అన్నాడు.
చెరువుకి గండి పడింది.
ప్రేమించినవాళ్ళనే పరీక్షిస్తాడు, అన్నాడు వెండిపని బ్రాహామ్.
గుమ్మానికి కొట్టిన తోలుపత్రంలో
అక్షరం చెరిగిందేమో చూసుకో, అన్నాడు గానుగ శిమోన్.
ఖల్ఫోన్ పీటెక్కి విప్పి చూశాడు.
తను రాసిందే. ఒక్క అక్షరమూ చెరగలేదు.
అప్పుడు ఏడ్చాడు.

మైమాకి చదువు రాదు. వినడం వచ్చు.
రాత్రి దీపం దగ్గర అడిగింది,
"ఆ మనిషికి పెళ్ళాం ఉందా?"
ఉంది.
"ఎన్ని మాటలంది?"
ఒక్క వాక్యం. ఆయన కసిరాడు.
"పదిమంది పిల్లలు పోతే ఒక్క వాక్యమా."
కాసేపాగి, "చివరికేమైంది?"
పశువులు రెట్టింపయ్యాయి. మళ్ళీ పదిమంది పుట్టారు.
కూతుళ్ళు అందగత్తెలు, పేర్లు కూడా రాశారు.
"ముందు పోయినవాళ్ళ పేర్లో?"
ఖల్ఫోన్ పుటలు వెనక్కి తిప్పాడు.
తెలిసే తిప్పాడు.
లేవు.

తిప్పుతుంటే ఆ మాట దగ్గర వేలు ఆగింది.
చావుకి ఎదురు నిలబడి
ఆ మనిషి ఆశ సంగతి ఎత్తే చోటు.
పంక్తిలో ఉన్న అక్షరంతో చదివితే: లేదు.
అంచున పాత లేఖకులు రాసిన అక్షరంతో చదివితే: ఆయన కోసం.
శబ్దం రెంటికీ ఒకటే. లో.
వెయ్యేళ్ళుగా ఎవరూ పంక్తిలోది కొట్టెయ్యలేదు,
అంచుది చెరపలేదు.
ఎంతమంది చేతులు ఆ చోట వణికి ఉంటాయో.

నా భాషలో ఆ శబ్దానికి మూడో అర్థం ఉంది.
నూతిలో. గొంతులో. అగ్గిపెట్టెలో.
ఈ సంగతి ఖల్ఫోన్‌కి తెలియదు,
తెలిసినా పప్పు గిన్నె పక్కన పెట్టి వినేవాడు కాదు.

ఏడో రోజు పొద్దున్నే లేచి
వీధి ఒక చుట్టు తిరిగి బడికి వెళ్ళాడు.
చాపల మీద పిల్లలు ఊగుతూ చదువుతున్నారు.
ఆ మాట దగ్గర మఖ్లూఫ్ అనే కుర్రాడు ఆగాడు.
"ఏ లో అనుకుని చదవాలి గురువుగారూ,
పంక్తిలోదా, అంచుదా?"
చేప అమ్మేవాడి కేక వీధి చివరికి వెళ్ళేదాకా
ఖల్ఫోన్ ఊరుకున్నాడు.
"గట్టిగా చదువు," అన్నాడు.

ఇంట్లో మైమా అద్దం మీది దుప్పటి లాగింది.
కింద, చెక్క అంచు పక్కన,
తొమ్మిదేళ్ళ ఎత్తులో ఒక వేలిముద్ర, నూనెది.
మిగతా అద్దమంతా తుడిచింది.