శాశ్వత చిరునామా

కర్నూలు కలెక్టరాఫీసు ఎదురుగా, జిరాక్సు అంగడి పక్కన
నా టైపు మిషను, దానికో చిల్లు గొడుగు.
ముప్పై రెండేండ్లు
జనాల పేర్లు, తండ్రుల పేర్లు, సర్వే నంబర్లు
కొట్టీ కొట్టీ 'ర' అరిగిపోయింది.

ఆ పొద్దు ఆమె వచ్చి బల్ల మీద కూర్చుంది.
అరవై దాటిన ఎర్రటి ముఖం, హవాయి చెప్పులు,
ఎండకు నెత్తిన తడిపిన ఎమ్మిగనూరు తువ్వాలు.
వెంట బుధవారపేట ఇంటి ఓనరు సుంకులమ్మ,
సాక్షికి కూరగాయల బండి దస్తగిరి.
"బాడుగ కాగితం రాయప్పా, పదకొండు నెలలకు."

పేరు లోరెట్టా.
'రె' సరిగ్గా పడలేదు, పెన్నుతో దిద్దినాను.
తండ్రి పేరడిగితే
గొడుగు చిల్లులోంచి పైకి చూసి
కాసేపటికి చెప్పింది.

శాశ్వత చిరునామా?
"అమెరికా అని కొట్టు, ఇంకేముంది" అంది సుంకులమ్మ.
ఆమె తల అడ్డంగా ఊపింది.
ఇల్లు అమ్మేస్తిని. కారు అమ్మేస్తిని.
కుక్క ముసలిది, అది పోయేదాకా ఆగితిని.
వస్తిని.
క్రియలన్నీ సుంకులమ్మ దగ్గర
చేబదులు తెచ్చుకున్నట్టుండాయి.

ఎందుకని నేనడగలేదు.
పేట అడిగిందిలే.
ఆస్పత్రి ఖర్చులు తట్టుకోలేక అని ఒకరు,
ఆ దేశం చెడిందని ఒకరు,
ఈమెకే తిక్క అని టీ బంకు కాడ ఇంకొకరు.
వీసా కాగితాలకు నిలబడిన పిల్లోడు మాత్రం
తాను ఎక్కాల్సిన బస్సులోంచి
ఎవరో దిగిపోతున్నట్టు చూసినాడు.

మా ఊరు శ్రీశైలం డ్యాము నీళ్ల కింద ఉంది.
ఎండాకాలం నీళ్లు తీస్తే
మా గడపరాయి, రోలు, సగం గోడ బయటపడతాయి.
పోయి ఆ గడప మీద కూర్చుని
బీడీ తాగి వస్తాను.
రేషన్ కార్డు నుంచి బ్యాంకు కాగితం దాకా
ఆ గీత మీద నేను ఆ ఊరి పేరే రాస్తాను.
గుమాస్తాలు కొట్టేస్తారు. మళ్లీ రాస్తాను.

నిలబడి ఉన్న ఇంటికి తాళమేసి
తాళంచెవి వేరేవాళ్లకిచ్చి
ఈమె ఎట్లా నడిచొచ్చిందో
నాకు అర్థం కాలేదు. కోపమూ వచ్చింది కొంచెం.

కడాకు 'పైదే' అని కొట్టినాను.
అంటే? అంది.
పైన రాసిన బుధవారపేట ఇల్లే అమ్మా, అన్నాను.
పై-దే, అని రెండుసార్లు పలికి చూసుకుంది.

నూటయాభై అంటే సుంకులమ్మ నూరు పెట్టింది.
దస్తగిరి సంతకం ఇంకా ఆరనే లేదు,
ఆమె గడియారం చూసుకుని ముందే లేచింది:
"అక్కా, నాలుగాయె. కొళాయి వస్తాది, పా."