శాంపిల్ నంబరు నలభై ఏడు

మిర్చి యార్డు గేటు దగ్గర ఆటో దిగేసరికే
మూడు తుమ్ములు.
హమాలీ బాజీ నవ్వుతాడు:
"సైంటిస్టమ్మకి ఇంకా అలవాటు కాలా."

సైంటిస్టమ్మ.
ఈ గుంటూరు మొత్తంలో ఆ మాట అనేది అతనొక్కడే.
ల్యాబులో నేను జేఆర్‌ఎఫ్‌ని,
హాజరు పట్టీలో చివరి పేజీని,
బ్రాడీపేటలో ఇంటావిడకి
జీతం ఎప్పుడొస్తుందో చెప్పలేని పిల్లని.
ఫెలో అంటే మా నాన్నకి ఇప్పటికీ తిట్టే.
"నిన్నెందుకే అట్టా పిలుస్తారు?" అని ఫోనులో కోపం.

"ఫండు ఇంకా విడుదల కాలేదు."
నాలుగు నెలలుగా ఇదే వాక్యం.
పరంజ్యోతి దాన్ని పద్యంలా రాగం తీస్తాడు.
రిహానా ఫ్రిజ్ తలుపు మీద రాసి పెట్టింది,
కింద తేదీలు మాత్రం మారుస్తుంది.
ముగ్గురం కలిసి రెండు ప్లేట్ల ఇడ్లీ చెప్పి
కారప్పొడి మాత్రం మూడుసార్లు అడుగుతాం,
పగలంతా అదే కారంలో
బూజు వెతికేవాళ్ళం.

టిక్కీలోకి మోచేతి దాకా చెయ్యి దించి
అడుగు నించి పిడికెడు,
నడుమ నించి పిడికెడు.
పైన కాయ ఎప్పుడూ ఎర్రగా నిగనిగలాడుతుంది.
తాలుకాయని పైన పెట్టి అమ్మేవాడు
ఈ యార్డులో ఇంకా పుట్టలేదు.

రాత్రికి చేతులు కొబ్బరినూనెలో,
తర్వాత మజ్జిగలో,
తర్వాత ఊరికే గాలిలో.

చీకటి గదిలో అతినీలలోహిత దీపం వేస్తే
గాజు పలక మీద
ఒక నీలం చుక్క లేచింది.
కాలువలు వదిలిన రోజున కృష్ణలో కూడా
ఆ రంగు చూళ్ళేదు నేను.
అది విషం.
తడిసిన కల్లంలో ఒక్క రాత్రి చాలు దానికి,
గింజ పక్కన చప్పుడు కాకుండా కాపురం పెడుతుంది.

"వచ్చింది!" అని అరిచాను.
ఏడు వారాలుగా మొండికేసిన పద్ధతి
ఇవాళ పనిచేసింది.
పరంజ్యోతి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు,
రిహానా నా భుజం మీద కొట్టింది.
ఆ సంతోషం సగంలో ఉండగా
పలక అంచున పెన్సిలు అంకె చూశాను.
నలభై ఏడు.

ప్రత్తిపాడు అవతల నించి వచ్చిన వీరనారాయణ గారు.
కాటాకి ముందు కాయలు ఒక్కొక్కటే ఏరి
నా దోసిట్లో పోశాడు.
"మంచియ్యే తీస్కోమ్మా,
పరీచ్చ పాసవ్వాల గదా."
నా పరీక్ష అనుకున్నాడు.
నేను ఆయన ఏరినవి పక్కన పెట్టి
అడుగు నించి తీశాను.
పద్ధతి అది.

నివేదికలో పేర్లుండవు, అంకెలే.
కింద సంతకం నాది కాదు,
సంతకం పెట్టే వరసలో నేనింకా లేను.
జిల్లా మొత్తానికి సగటు చెప్పొచ్చట,
ఒక మనిషికి ఒక మాట చెప్పకూడదట.
కానీ రిజిస్టర్‌లో ఫోను నంబరు నా చేతిరాతే.

"ఇంట్లోకి ఎన్ని కాయలు ఉంచుకున్నారండీ?"
"అయిదు కిలోలు. ఎల్లుండి దంచాల."
"దంచకండి."
అవతల కాసేపు గేదె మెడలో గంట.
"ఆ రాత్రి వాన పడిందమ్మా,
పట్టా కప్పేలోపు..."
అని ఆగాడు.
నేను కూడా ఆగాను.
ఇద్దరికీ తెలిసిపోయింది,
ఇద్దరం ఆ మాట అనలేదు.

"ఇంతకీ పాసయ్యావా?"

గోడ మీద మిగిలిన మసక వెలుతురు,
మండుతున్న వేళ్ళు.
"అయ్యానండీ."

ఫోను పెట్టెయ్యకుండానే
ఇంట్లో ఎవరికో కేకేసి చెప్పాడు:
"ఏమేవ్, మన కాయకి
ఆ పిల్ల పాసయిందంట!"

నలభై ఎనిమిది ఇంకా పలకెక్కలేదు.