పొట్టు లెక్క

కనిగిరి నించి పామూరు పోయే రోడ్డులో
చెనక్కాయల మిల్లు ఉందే,
దాని వెనక గోడను మింగేసిన పొట్టు గుట్ట నాది.
నాది అంటే, ఊడ్చేది నేను.
పప్పు షావుకారుది,
గాలికి లేచి కంట్లో పడేది నాది.

ఇరవై రెండేళ్లుగా నిలబడే ఊడుస్తున్నా,
పొడుగు కర్రకు కట్టిన చీపురుతో.
కూర్చుంటే లేవలేను.
మోకాళ్లు తుప్పు పట్టిన తలుపు బందులు,
మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి.
మా బోరు నీళ్లు అద్దం మాదిరి తేట.
అంత తేటగా ఉండబట్టే
అడక్కుండా ఎముకల్లోకొచ్చి
మంచం వేసుకున్నాయి.

ఎండాకాలం సెలవులకు ముందు
కాశింబీ వచ్చింది, తొమ్మిదో తరగతి,
ఖాళీ గోతం మడిచి చంకలో పెట్టుకుని.
"అత్తా, ఒక గోతం పొట్టు కావాలి."
బర్రెలకా? అన్నాను.
"నీళ్లకు."
నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను,
పదేళ్ల వయసు నించి అదే అలవాటు.
అదీ నవ్వింది,
అరచెయ్యి అడ్డం పెట్టుకుని.
నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

వాళ్ల సైన్సు సారు పాత కాగులో పొట్టు కూరించి
మూత చుట్టూ బంకమట్టి మెత్తించి పొయ్యెక్కించాడు.
సెగ తగలాలి, గాలి తగలకూడదంట.
అన్నం మాడ్చి అత్త చేత తిట్లు తిన్నదాన్ని,
మాడ్చడం కూడా ఒక చదువని అప్పుడే తెలిసింది.
దిగింది నల్ల బొగ్గు, వేళ్ల మధ్య నలిపితే కాటుక.
పటిక నీళ్లలో ఒక రాత్రి.
పొద్దున్నించి కడుగుడు మీద కడుగుడు.
కింద గులకరాళ్లు, పైన ఇసక,
నడుమ మా మిల్లు పొట్టు.
కుండ అడుగు బెజ్జంలోంచి
ఒక బొట్టు.
చాలాసేపటికి
ఇంకో బొట్టు.

సారు సీసాలో మందు చుక్కలు వేశాడు.
నీళ్లు మంచివైతే గులాబి రంగంట,
చెడ్డవైతే పసుపు.
పసుపంటే గడపకు రాసేది, తాళికి పూసేది.
ఈ ఒక్క సీసాలోనే పసుపు చెడ్డ కబురు.
మా బోరు నీళ్లు పోశాడు, తంగేడు పువ్వు.
కుండలోవి పోశాడు.
అదీ తంగేడు పువ్వే.

ఎవరూ మాట్లాడలా.
కాశింబీ పుస్తకంలో రాసుకుంది, కొట్టెయ్యలేదు.
మళ్లీ కాల్చారు. ఈసారి మెత్తగా దంచారు, రోలు నాదే.
ఐదోసారికి
పసుపులో ఏదో కదిలింది.
గులాబీ అనడానికి సారు ఒప్పుకోలా.
జామకాయ లోపల అప్పుడప్పుడే తిరిగే రంగు.
"సగం తగ్గింది, ఇంకా తాగడానికి లేదు" అన్నాడు.
సగమంటే తక్కువా సారూ,
నా కాళ్లనడగండి.

సంగతి షావుకారు చెవిన పడింది.
నిన్నటిదాకా ఇటికల బట్టీకి ఊరికే తోలించినోడు
పొద్దున్నే కాటా తెచ్చి గుట్ట పక్కన నిలబెట్టాడు.
పళ్లెం మీద దుమ్ముంటే
అది కూడా నేనే ఊడ్చాను.

ఇంకో రెండు నెలలు కాల్చారు, దంచారు.
ఒకరోజు సీసా గులాబీ అయింది. సారు ఒప్పుకున్నాడు.
నలభై బిందెలు దిగాక బొగ్గు అలిసిపోయింది,
మళ్లీ తంగేడు.
కుండ విప్పి నల్ల ముద్ద చేత్తో తీసింది కాశింబీ.
"నీళ్లలోది దీంట్లోకొచ్చింది కదా,
దీన్ని ఎక్కడ పొయ్యాలి?
చేలో పోస్తే వానకు దిగి
మళ్లీ మన బోరులోకే గదా అత్తా?"
నన్నడిగింది! ఏలిముద్ర దాన్ని.
సారు గడ్డం గోక్కుని
సిమెంటు తొట్టి కట్టించి మూత వేయించాడు.
తర్వాత ఏం చెయ్యాలో
చదివి చెబుతానన్నాడు. ఇంకా చెప్పలేదు.

తొట్టి నా గుట్ట పక్కనే ఉంది.
గాలికి గుట్ట లేస్తుంది, తొట్టి లేవదు.
కొత్త పొట్టు వేసిన కుండ దగ్గరికి
కాశింబీ చెల్లెలొస్తుంది మధ్యాన్నాలు,
పాలపళ్లింకా ఊడని పిల్ల,
బొట్టు కింద గ్లాసు పెట్టి
గొంతుక్కూర్చుంటుంది.
మోకాళ్లు గడ్డానికి ఆనించి,
మడమలు రెండూ నేలకు తాకించి.
ఎంత సులువుగా కూర్చుంటుందో
చీపురు పట్టుకుని
చూస్తా నిలబడతాను.