థర్మామీటరు జేబులోనే ఉంది

పొద్దున వచ్చిందీ నేనే.
మెడలో గుర్తింపు కార్డు, చేతిలో జాబితా,
జేబులో సూదిలాంటి థర్మామీటరు.
ఫుట్‌స్క్రేలో, చేపల దుకాణానికీ
తాళాలు బాగుచేసే కొట్టుకీ నడుమ ఇరుక్కున్న
ఆరు బల్లల హోటలు.
గల్లాపెట్టె దగ్గర మనవడు నహోమ్ లెక్కలు చేస్తున్నాడు,
డబ్బులవి కాదు, బడివి.

వంటింట్లో, పొయ్యి వారగా
దుప్పటి కప్పుకున్న నీలం పీపా.
మూత తీస్తే బుడగలు,
పులుపు గుప్పున మొహానికి కొట్టింది.
"ఎన్నాళ్ళ పిండి?"
"మూడు రోజులు" అంది ఫెవెన్.
"ఫ్రిజ్‌లో ఎందుకు పెట్టలేదు?"
ఆమె వాళ్ళమ్మ వైపు చూసింది.
వాళ్ళమ్మ వైన్‌షెత్ నా వైపు చూసింది,
చంటిబిడ్డను మంచులో పడుకోబెట్టమన్నవాణ్ణి చూసినట్టు.

ఐదు డిగ్రీలకూ అరవైకీ మధ్య
ఏ తిండీ ఊరికే కూర్చోకూడదు, అది మా సూత్రం.
ఇరవై రెండు అని రాసుకున్నాను.
పక్కన ప్రశ్నార్థకం.
కింద ఆమె సంతకం, వంకర్లు తిరిగిన లిపిలో.

రాత్రి మళ్ళీ ఎందుకొచ్చానో
సరిగ్గా చెప్పలేను.
జూలై వాన. ట్రామ్ వెళ్ళిపోయింది.
ఇంట్లో ఉన్నది సగం డబ్బా సూపు.
పంతొమ్మిదేళ్ళుగా, తనిఖీ చేసిన చోట
మంచినీళ్ళు కూడా ముట్టని మనిషిని.

"ఒక్కరేనా?" అన్నాడు నహోమ్,
ఒక్కరికి సరిపడా పళ్ళెం వాళ్ళింట్లో లేనట్టు
బుర్ర గోక్కుంటూ.

రంగుగడ్డితో అల్లిన బుట్టే బల్ల.
దాని మీద సైకిలు చక్రమంత ఇంజెరా,
ఒళ్ళంతా కళ్ళు.
"వాటిని మేమూ కళ్ళనే అంటాం" అంది ఫెవెన్,
"అవి సరిగ్గా పడని రోజు అమ్మ ఎవరితోనూ మాట్లాడదు."
బుధవారం, వాళ్ళకు ఉపవాసం, మాంసం ఉండదు.
ఉపవాసమంటే ఖాళీ కంచం అనుకున్నాను.
కారంలో మునిగిన ఎర్రపప్పు,
ఇంకా కుతకుతమంటున్న శనగపిండి షిరో,
వెల్లుల్లి వేసిన ఆకుకూర.
చెంచా కోసం చెయ్యి వెతికింది.
దొరకలేదు.

మూలన వెల్లుల్లి వలుస్తున్న ముసలాయన, లెగెసె,
నన్నడక్కుండానే మొదలెట్టాడు:
వచ్చిన తొలి చలికాలం పిండి లేవలేదు.
పదకొండు బకెట్లు పారబోశాం.
పన్నెండోది పక్కలో వేసుకుని పడుకున్నాం,
ఆవిడకీ నాకూ మధ్య.
తెల్లారేసరికి ఊపిరి పీల్చింది.
పైన తేరిన పచ్చటి నీళ్ళు దాచి
మర్నాటి పిండిలో, దాని నీళ్ళు ఆ మర్నాటి పిండిలో...
పొద్దున నువ్వు సూది గుచ్చింది దానికే.

ఏమనాలో తెలియక నీళ్ళు తాగాను.

అప్పుడొచ్చింది వైన్‌షెత్, చేతులు తుడుచుకుంటూ.
ఓ ముక్క తుంచి, పప్పు చుట్టి,
నా నోటి దగ్గర పట్టుకుంది.
వెనక్కి జరిగాను. ఆ చెయ్యి జరగలేదు.
నా నోటిదాకా వచ్చిన ఆఖరి పరాయి చెయ్యి
పళ్ళ డాక్టరుది, రబ్బరు తొడుగుతో.
నోరు తెరిచాను.

పులుపు, వెనకే కారం, ఆ వెనక
కళ్ళలో నీళ్ళు. కారం వల్లే.

హమ్మయ్య అనుకునేలోపు రెండో ముద్ద.
"ఒక్క ముద్ద తగవు తెస్తుందట" అంది ఫెవెన్,
"అందుకని రెండు."
మూడోది ఎందుకో ఎవరూ చెప్పలేదు.

కాఫీ మూడు విడతలు పోశారు.
కార్డు మిషను పనిచేయలేదు. రేపివ్వమన్నారు.
రేపు మళ్ళీ రావాలంటే
ఏ హోదాలో రావాలో అడగలేదు నేను.

ట్రామ్ స్టాపులో కాగితం తీశాను.
ఇరవై రెండు. ప్రశ్నార్థకం.
ఇతర వ్యాఖ్యలన్న గడి ఖాళీగా ఉంది,
వాన చినుకొకటి ముందే పడింది అందులో.

వేళ్ళు వాసన చూసుకున్నాను.
కడుక్కున్నాను, నిజంగానే,
సబ్బుతో, నిబంధన ప్రకారం ఇరవై సెకన్లు.

పులుపు పోలేదు.