పాస్టరు గారి జేబు

పద్నాలుగో గ్రీన్ పక్కన
మనిషి లోతు గొయ్యి.
గోడలకు పచ్చిక గడ్డలు ఇటుకల్లా పేర్చి
అడుగున సముద్రపు ఇసుక పరిచారు.
మా ఊళ్లో దాని పేరు పాస్టరు గారి జేబు,
లోపల పడింది బయటికి రాదని.
ఇప్పటి పాస్టరమ్మ కూడా నవ్వుతుంది ఈ మాటకి
కానుకల పళ్లెం చాస్తూనే.

నేను ఐసొబెల్ గెడ్డీస్.
ఇరవై రెండేళ్లుగా తెల్లారకుండానే
చిన్న నిచ్చెన దిగి
దంతెతో ఇసుక తల దువ్వుతున్నాను.
స్కాట్లాండు తూర్పు గాలి నా చెవుల్ని
ఎప్పుడో తీసేసుకుంది.
డాక్టరు గారు కార్డు మీద ఆరు వేసుకుంటారు,
మర్నాడు నేను పూడ్చే గుంతలు తొమ్మిది.
ఎవరికీ చెప్పను.
జీతం దువ్వడానికే ఇస్తారు.

ఈ విద్య నాకు చెప్పింది కమిన్ ముసలాడు.
హెర్రింగ్ పడవల మీద వలలు లాగి లాగి
ఒంట్లో సత్తువ తగ్గాక
పరాయివాళ్ల గోల్ఫ్ సంచులు మోసినవాడు.

"బంతిని కొట్టకు పిల్లా.
బంతికి రెండు వేళ్ల వెనక ఇసుకని కొట్టు.
ఇసుకే దాన్ని భుజానేసుకుని పోతుంది.
పాదాలు అటూ ఇటూ తిప్పి దిగెయ్,
పడవలో నిలబడ్డట్టు మోకాళ్లు వదులు.
వెడ్జ్ ముఖం ఆకాశంకేసి తెరువు,
శీతాకాలం ఎండకి ముఖం పెట్టిన ముసలమ్మలా.
పెనం మీద అట్టు కిందికి
అట్లకాడ ఎలా పోతుంది?
గీకదు, పొడవదు, జారిపోతుంది.
అంతే.
మధ్యలో మాత్రం మనసు మార్చుకోకు.
సగంలో భయపడ్డ చేతికి
బంతి అక్కడే చతికిలబడి చూస్తుంది."

వానకి ఇసుక గట్టిపడితే
ముఖం అంత తెరవొద్దన్నాడు, బరిసె ఎగిరిపడి
బంతి నడినెత్తిన తగులుతుందట.
గుడ్డులో పచ్చసొనలా బంతి కూరుకుపోతే
ముఖం మూసి, నిటారుగా దించి, తవ్వెయ్యమన్నాడు,
అందం సంగతి తర్వాత.

"మరి గోడకి అతుక్కుపోతే?"
అడిగాను.
పైపులో పొగాకు కుక్కుకుంటూ
సముద్రంకేసి చూశాడు.
అదే శీతాకాలంలో పోయాడు.

మొన్న సెప్టెంబరు పతకం ఆట.
చేపల వేపుడు కొట్టు కర్స్టీ షాండ్,
పందొమ్మిదేళ్ల పిల్ల, చేతుల మీద నూనె చిట్లిన మచ్చలు,
రెండు దెబ్బల ముందంజలో ఉంది.
జేబులో పడింది బంతి.
పడి, ముందు గోడకి బుగ్గ ఆనించింది.

పైన గట్టు మీద మగాళ్లు:
"ముఖం తెరువు కర్స్టీ!"
"ఇంకా తెరువు!"
"బలంగా!"
ఆ పిల్ల మడమల మీద కూర్చుని
బంతిని చూసింది, గోడని చూసింది,
ముక్కు తుడుచుకుంది.
లేచి
జెండాకి వీపు తిప్పింది.

ఎవరో కిసుక్కున నవ్వారు.
నాకు మాత్రం పొగాకు వాసన వేసింది,
ఎవరూ కాల్చడం లేదక్కడ.
పాదాలు దిగాయి. వెడ్జ్ జారింది.
ఇసుక ఒక దోసెడు లేచింది, దానితోబాటు బంతి,
సముద్రం వైపుకి,
వచ్చిన దారినే, పన్నెండడుగులు వెనక్కి.
జుట్టులో ఇసుకతో నిచ్చెనెక్కి
ఏమీ జరగనట్టు మళ్లీ గ్రీన్‌కేసి కొట్టింది.

ఒక్క దెబ్బ తేడాతో పతకం పోయింది.
క్లబ్బులో రాత్రంతా
ముందుకి కొట్టి ఉంటే, కొట్టి ఉంటే అని
గ్లాసులు చప్పుడు చేశాయి.
కర్స్టీ ఆ మాటలు వినలేదు,
శనివారం కొట్లో రద్దీ.

పొద్దున నిచ్చెన దిగాను.
జెండాకి మడమలు పెట్టిన రెండు బూట్ల గుంతలు,
వాటికి ఎదురుగా కోడిగుడ్డు ఆకారంలో
ఒకే ఒక్క గాటు, అంచు చెదరకుండా.
అరచెయ్యి పెట్టి చూశాను.
సరిగ్గా పట్టింది.
చాలాసేపు అలాగే కూర్చున్నాను,
దంతె గోడకి ఆనించి.

ఏడున్నరకి మొదటి గుంపు.
పైన పేరు డాక్టరు గారిది.

దువ్వాను.